ఒకే నీరు – అయిదు క్షేత్రములు
(కృష్ణా పశ్చిమ డెల్టా కాలువలలో పడవ ప్రయాణపు చరిత్ర)



విజయదశమి నాటి సాయంకాలము విజయవాడలో కృష్ణ ఒడ్డున నిలబడి తెప్పోత్సవమును చూచిన భాగ్యము మీలో అనేకులకు కలిగియుండును. హంసవలె అలంకరింపబడిన పడవపై శ్రీ దుర్గా మల్లేశ్వరులు దీపకాంతుల నడుమ కృష్ణవేణిలో విహరించుదురు. వరద మిక్కుటముగా వచ్చిన సంవత్సరములలో పడవ కదలదు. ఒడ్డుననే పూజలు జరుగును. ఇంద్రకీలాద్రికి ఎదురుగా దక్షిణపు ఒడ్డున సీతానగరము కొండ ఉన్నది. ఆ కొండ చెంత నుండియే పశ్చిమ డెల్టా ప్రధాన కాలువ బయలుదేరుచున్నది. అమ్మవారి తెప్పను మోసిన నీరే ఆ కాలువలో ప్రవేశించి, పాయలుగా చీలి, తెనాలి దాటి, రేపల్లె, బాపట్ల సీమలలో సముద్రమునకు చేరువనున్న మన పిట్టలవానిపాలెము చేల వరకు వచ్చుచున్నది.

నేటి ప్రసంగము ఆ నీటిని గూర్చియు, ఆ నీటిపై తరతరములు నడచిన పడవలను గూర్చియు. ఇది పురాణము కాదు, చరిత్ర. అయినను దీనిని దేవాలయ ప్రాంగణమున చెప్పుకొనుటకు తగిన కారణము కలదు. అది ప్రసంగము నడచుకొలది మీకే తెలియగలదు.

రేవు అనగా తీర్థము

సంస్కృతమున 'తీర్థ' శబ్దము దాటుట అను అర్థముగల ధాతువు నుండి పుట్టినది. నీటిలోనికి దిగుటకును, నీటిని దాటుటకును అనువైన చోటు తీర్థము. తెలుగులో దానికి సరియైన మాట రేవు. పడవకు 'తరణి' అను పేరు కూడ ఆ ధాతువు నుండియే వచ్చినది. కాబట్టి తీర్థయాత్ర అనగా మూలార్థమున రేవు నుండి రేవునకు సాగు ప్రయాణమే. శ్రీరామచంద్రుడు అరణ్యవాసమునకు వెడలునపుడు గంగను దాటించినది గుహుని పడవ. భగవద్గీత నాలుగవ అధ్యాయమున శ్రీకృష్ణ పరమాత్మ పాపసముద్రమును దాటించు సాధనమును చెప్పవలసివచ్చినపుడు జ్ఞానమును పడవతోనే పోల్చినాడు. మన పెద్దలకు పడవ అంత పరిచితమైన వస్తువు.

ఆంధ్రదేశమున పంచ భావనారాయణ క్షేత్రములు ప్రసిద్ధములు: సర్పవరము, పట్టిసము, భావదేవరపల్లి, పొన్నూరు, బాపట్ల. సర్పవరము కాకినాడ చెంత ఉన్నది. పట్టిసము గోదావరి నడుమనున్న లంక. భావదేవరపల్లి కృష్ణ సముద్రమున కలియు దివిసీమలోనిది. పొన్నూరు, బాపట్లలు మనకు ఇరుగుపొరుగు. ఒక పటమును ముందుంచుకొని ఈ అయిదింటిని గుర్తించి చూడుడు. కాకినాడ నుండి ధవళేశ్వరమునకు ఒక కాలువ. గోదావరి దాటిన పిదప విజ్జేశ్వరము నుండి బెజవాడకు ఏలూరు కాలువ. కృష్ణ దాటిన పిదప సీతానగరము నుండి దుగ్గిరాలకు ప్రధాన కాలువ. దుగ్గిరాల నుండి పెదగంజాము వరకు కొమ్మమూరు కాలువ. అక్కడి నుండి మద్రాసు వరకు, మద్రాసు దాటి మరక్కాణము వరకు బకింగ్‌హామ్ కాలువ. అయిదు క్షేత్రములును ఈ జలమార్గపు ఒడ్డుననో, దానికి చేరువనో, దానిని పోషించు నదులపైననో వెలసియున్నవి. క్షేత్రములు ప్రాచీనములు, కాలువలు నిన్నమొన్నటివి. ఎవరును యోచించి కలిపినది కాకపోయినను, అయిదింటిని ఒకే నీరు తాకినది.

కాలువకు పూర్వము

పూర్వము ఈ సీమకు నీటి ప్రయాణము తెలియదని అనుకొనరాదు. మన మండలములోని చందవోలు, నేటి చందోలు, ఒకప్పుడు వెలనాటి చోళులకు రాజధాని. పన్నెండవ శతాబ్దమున వేంగి సీమలో అధికభాగమును ఏలిన ఆ ప్రభువుల పట్టణమున నేడు లింగోద్భవస్వామి ఆలయము, బండ్లమ్మ తల్లి ఆలయము నిలిచియున్నవి. సముద్రతీరమునకు అంత చేరువలో రాజధాని నెలకొనుటలో ఓడ వర్తకమునకును కొంత పాలు ఉండియుండును.

పడమటగా పోయిన మోటుపల్లి రేవు కలదు. అక్కడి వీరభద్రాలయమున కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244–45లో వేయించిన అభయశాసనము లోకప్రసిద్ధము. తుఫానుకు ఓడ పగిలి సరకు ఒడ్డునకు కొట్టుకొనివచ్చినచో దానిని రాజు స్వాధీనము చేసికొనుట అంతకుముందు ఆచారము. గణపతిదేవుడు ఆ ఆచారమును మాన్పి, నియమించిన సుంకము తప్ప వర్తకుని సొత్తును ముట్టనని అభయమిచ్చినాడు. ఆపదలో పడినవాని సొమ్ము ఆశింపరాదను ధర్మము ఒక రేవున శిలాక్షరమైనది. పదమూడవ శతాబ్దము చివర వెనిసు యాత్రికుడు మార్కో పోలో వర్ణించిన ముత్ఫిలి ఈ మోటుపల్లియే అని చరిత్రకారులు చెప్పుచున్నారు.

తూర్పున నిజాంపట్నము కలదు. దానిని విదేశీయులు పెటపోలి అని వ్రాసికొనినారు. డచ్చివారు 1606లో అక్కడ వర్తకస్థానము నెలకొల్పినారు. 1611లో ఇంగ్లీషువారి 'గ్లోబు' అను ఓడ ముందుగా అక్కడకు చేరి, పిమ్మట మచిలీపట్టణమునకు సాగినది.

సముద్రము మీద ఇంత రాకపోకలు జరిగిన సీమలో భూమి మీద ప్రయాణము మాత్రము దుర్భరముగా ఉండెడిది. నల్లరేగడి నేల. వానకాలమున బండి చక్రము ఇరుసు దాకా దిగబడును. కలిగినవారు పల్లకిలోను, లేనివారు కాలినడకను పోయెడివారు. 1830లో మద్రాసు నుండి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు బోయీలు మోసిన పల్లకిలోనే దేశమంత దాటినారు.

మార్గము లేనందున కలిగిన కష్టము ప్రయాణీకునికి మాత్రమే పరిమితము కాలేదు. నందన నామ సంవత్సరమున, అనగా 1832–33లో, వానలు లేక గుంటూరు సీమలో కరువు వచ్చినది. మన పెద్దలు దానిని నందన కరువనియు, డొక్కల కరువనియు తలచుకొనెడివారు. సుమారు అయిదు లక్షల జనములో ఒకటిన్నర లక్ష నుండి రెండు లక్షల మంది వరకు ఆకలికి, రోగములకు బలియైనారని లెక్కలు చెప్పుచున్నవి. ధాన్యమున్న చోటి నుండి లేని చోటికి చేర్చుటకు బాట లేదు. బండి లాగు ఎద్దులకును మేత లేదు. ఆ దినములలో కూడ కృష్ణమ్మ బెజవాడ కొండల నడుమ నుండి సముద్రమునకు పోవుచునే ఉన్నది. నది ప్రవహించుచుండగా ఆ నది ఒడ్డున దప్పికతో జనము మరణించుట కంటె విషాదమేమి కలదు?

ఆనకట్ట

గోదావరిపై ధవళేశ్వరము ఆనకట్ట 1847–52 మధ్య నిర్మింపబడినది. దానిని నిర్మించిన ఆర్థర్ కాటన్ ప్రోత్సాహముననే కృష్ణకు కూడ ఆనకట్ట తలపెట్టబడినది. ఇంద్రకీలాద్రికి, సీతానగరము కొండకు నడుమ 1852లో ఆరంభమైన పని కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో 1855 నాటికి ముగిసినది. ఇంజనీర్ల పేర్లు గ్రంథములలో నిలిచినవి. రాయి మోసిన, మట్టి తవ్విన వేలాది కూలీల పేర్లు ఎచ్చటను లేవు. తట్ట నెత్తికెత్తిన ఆ స్త్రీ పురుషులలో డొక్కల కరువును దాటి బ్రతికినవారును ఉండియుందురు. మనము తినుచున్న అన్నములో వారి చెమట ఉన్నదని మరువరాదు.

కాలువలను తవ్వినపుడు వాటిని పొలములకు నీరిచ్చు పంటకాలువలుగా మాత్రమే గాక, పడవ నడచు మార్గములుగా కూడ తీర్చిదిద్దినారు. రైలు కంటె నీటి మార్గమే చవుకయని, పేదవాని ధాన్యమునకు, పేదవాని ప్రయాణమునకు అదియే అనువైనదని కాటన్ జీవితాంతము వాదించినాడు. ఆయన మాట ఆంగ్ల ప్రభుత్వము పూర్తిగా వినలేదు. వినినంత మేరకు మాత్రము గోదావరి, కృష్ణా డెల్టాలలో వందల మైళ్ళ జలమార్గము ఏర్పడినది.

దక్షిణమున బకింగ్‌హామ్ కాలువ కథ వేరు. మద్రాసు నుండి ఎన్నూరు వరకు 1806లో మొదలైన చిన్న కాలువ క్రమముగా ఉత్తరమునకు పెరిగినది. ధాత కరువు కాలమున, 1877–78లో, మద్రాసు నగరములోని కూవం, అడయారు నదులను కలుపు భాగమును కరువు పనిగా తవ్వించినారు. నాటి గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరు దానికి వచ్చినది. ఒక కరువు జ్ఞాపకముతో కృష్ణా కాలువలు పుట్టినవి. మరియొక కరువులో ఆకలిగొన్నవారి చేతులతో బకింగ్‌హామ్ కాలువ సాగినది. పెదగంజాము వద్ద ఈ రెండును కలిసినవి.

పడవ నడక

కాలువ పడవ నదిలోని పడవ వలె వేగముగా పోదు. గాలి అనుకూలించినపుడు తెరచాప ఎత్తెడివారు. గాలి లేనపుడు గడకర్రలతో త్రోసెడివారు. తరచుగా మాత్రము కళాసీలు గట్టుపైకి దిగి, స్తంభమునకు కట్టిన పొడవాటి తాడును భుజమున వేసికొని, ముందుకు వంగి నడచుచు పడవను లాగెడివారు. చుక్కాని పట్టినవాడు పడవను గట్టునకు తగులకుండ చూచుకొనెడివాడు. ఎండలో గట్టు కాలును, వానలో జారును. లోపల గూటి క్రింద కూర్చున్నవారు హరికథలు చెప్పుకొనుచు, నిద్రపోవుచు ప్రయాణము చేయుచుండగా, ఆ హాయి అంతయు బయట తాడు లాగువాని భుజముపై నిలిచియుండెడిది. గుహుని కథ వినినవారము మనము. దాటించువాడు దాటినవాని కంటె తక్కువ కాడని రామాయణము చెప్పుచున్నది.

పడవలో అందరును సమానముగా కూర్చుండిరని చెప్పినచో అది చరిత్ర కాదు. నాటి సంఘములోని అంటరానితనము పడవ ఎక్కినంత మాత్రమున నీటిలో కలిసిపోలేదు. అయినను లాకు వద్ద మాత్రము ధనికుని పడవయు, ఉప్పు పడవయు, కట్టెల పడవయు ఒకే వరుసలో వేచియుండవలసినదే.

లాకు అనగా నేమో నేటి పిల్లలకు చెప్పవలసియున్నది. కాలువలో ఒకచోట నీటిమట్టము ఎత్తుగాను, దానికి దిగువ తక్కువగాను ఉండును. ఆ రెంటి నడుమ రాతిగోడలతో ఒక పొడవైన గదిని కట్టి, రెండు చివరల తలుపులు అమర్చుదురు. పై నుండి వచ్చిన పడవ గదిలో ప్రవేశింపగానే పై తలుపులు మూయుదురు. తూములు తెరచి గదిలోని నీటిని మెల్లగా దిగువకు విడుదురు. లోపలి మట్టము దిగువ మట్టముతో సమానమైనపుడు దిగువ తలుపులు తెరచుకొనును. సమానము కాకముందు ఎంత బలవంతుడు త్రోసినను ఆ తలుపు కదలదు. సమానమైన పిమ్మట ఇద్దరు మనుష్యులు చాలును. మనస్సు తగిన మట్టమునకు రాకముందు గురూపదేశము లోనికి పోదని పెద్దలు చెప్పు మాటకు ఇంతకంటె మంచి ఉపమానము నాకు తోచదు.

రేవు రేవున

ఇప్పుడు సీతానగరము నుండి మనస్సుతో ఒక ప్రయాణము చేయుదము. కుడివైపున కొంత దూరమున ఉండవల్లి గుహాలయము. అందు ఏకశిలలో మలచిన అనంతశయనుడు పవళించియున్నాడు. పడవ దుగ్గిరాల లాకులకు చేరును. కాలువ చీలునది అచ్చటనే; ఎటు పోవలెనో తేల్చుకొనవలసినదియు అచ్చటనే.

ఒక దారి తెనాలికి. ఆ పట్టణము గుండా తూర్పు కాలువ, పడమటి కాలువ, నిజాంపట్నము కాలువ అను మూడు కాలువలు పారుచున్నవి. డెల్టాలో పండిన ధాన్యమునకు తెనాలి పెద్ద అంగడియైనది, ఆ సంపద వలననే నాటకమునకు, సాహిత్యమునకు నిలయమైనది. ఆ దారిని తూర్పుగా పోయినచో భట్టిప్రోలు, రేపల్లె వచ్చును. రేపల్లె దాటి పెనుమూడి రేవునకు చేరినచో ఎదుట విశాలమైన కృష్ణ, ఆవలి ఒడ్డున దివిసీమ. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుని దర్శనమునకు మన సీమ భక్తులు చిరకాలము అక్కడనే నదిని దాటినారు. పెనుమూడి–పులిగడ్డ వారధి వచ్చిన పిమ్మట ఆ దాటు సులభమైనది. భావదేవరపల్లి భావనారాయణస్వామి ఉన్నది ఆ దివిసీమలోనే.

రెండవ దారి కొమ్మమూరు కాలువ. సంగం జాగర్లమూడి వద్ద నేటికిని గుంటూరు నగరమునకు త్రాగునీరు ఆ కాలువ నుండియే తీసికొనుచున్నారు. దానికి చేరువలో చేబ్రోలు. భీమేశ్వర, నాగేశ్వర ఆలయములతోడను, చతుర్ముఖ బ్రహ్మ ఆలయముతోడను ప్రసిద్ధమైన ఆ గ్రామమున శాతవాహన విజయుని కాలపు సంస్కృత శాసనము బయటపడి 2019లో ప్రకటింపబడినది. దక్షిణ భారతమున దొరికిన సంస్కృత శాసనములలో అది మిక్కిలి ప్రాచీనమైనదని పండితులు నిర్ణయించినారు. చేబ్రోలు దాటి దక్షిణముగా పోయినవారికి పొన్నూరు సాక్షి భావనారాయణుడు, ఇంకను ముందునకు బాపట్ల భావనారాయణుడు. కాలువ పెదగంజాము చేరుసరికి మోటుపల్లి సమీపమే. అక్కడి నుండి బకింగ్‌హామ్ కాలువలో మద్రాసు వరకు దారి. పైకి పోవు పడవలలో బియ్యము, ధాన్యము. తిరిగి వచ్చు పడవలలో ఉప్పు, కట్టెలు, సున్నపు గుల్ల.

రాళ్ళు చెప్పు మాట

ఈ కథయంతయు మేలు మాత్రమే అని చెప్పి ముగించుట సత్యము కాదు. భట్టిప్రోలున క్రీస్తునకు పూర్వపు మహాస్తూపము కలదు. 1892లో అలెగ్జాండర్ రే అక్కడ త్రవ్వగా శిలాపేటికలు, వాటిపై అతి ప్రాచీనమైన లిపిలో వ్రాతలు బయటపడినవి. తెలుగు లిపి చరిత్రను చెప్పువారు భట్టిప్రోలు లిపిని తలపక మానరు. కాని రే వచ్చుసరికే ఆ స్తూపములో చాల భాగము లేదు. అంతకుముందే దాని ఇటుకలు బాటలకును, చలువరాళ్ళు కాలువ తూము కట్టుటకును తరలిపోయినవి. రెండువేల ఏండ్లు నిలిచిన రాయి నీటి క్రింద పునాదియైనది.

ఆ రాయి తీసికొనిపోయినవారు దుర్మార్గులని నేను అనను. వారికి తూము అవసరము, రాయి దగ్గర ఉన్నది. తమ పని చక్కబడిన చాలునను తొందరలో దాని వెనుకనున్న దానిని చూడలేదు. ఏ మతమువారిదైనను పూర్వుల పవిత్రస్థానము ఈ భూమికి చెందిన సొత్తు. దానిని గౌరవించుట మన ధర్మము. ఈ మాటను మనస్సున ఉంచుకొనుడు. చివర దీని అవసరము రాగలదు.

పడవలు నిలిచిన విధము

1899 నాటికి బెజవాడ నుండి మద్రాసునకు తీరము వెంట రైలు మార్గము ఏర్పడినది. తెనాలి, పొన్నూరు, బాపట్లలకు రైలు వచ్చినది. గుంటూరు నుండి తెనాలి మీదుగా రేపల్లెకు 1916లో రైలు నడచినది. దినములు పట్టు ప్రయాణము గంటలకు దిగినది. తొలుత ప్రయాణీకులు, పిమ్మట సరకులు పడవను విడిచినవి. తరువాత బస్సులు, లారీలు వచ్చినవి. 1952లో పాత ఆనకట్టకు గండి పడినది. దాని చెంత 1954–57 మధ్య ప్రకాశం బారేజి నిర్మింపబడి, పన్నెండు లక్షల ఎకరములకు పైగా భూమికి నీరు నిలకడగా లభించినది. పంటకు మేలు జరిగినది గాని, కాలువను పడవ మార్గముగా తలచువారు తగ్గినారు. బకింగ్‌హామ్ కాలువ 1965–66, 1976 తుఫానులలో దెబ్బతిని మరల కోలుకొనలేదు. అయినను 2004 డిసెంబరు 26 నాటి సునామీలో అలల నీటిని తనలో ఇముడ్చుకొని తీరపు పల్లెలకు ఆ కాలువయే అడ్డునిలిచినదని పరిశీలకులు గుర్తించినారు.

2008లో కాకినాడ నుండి పుదుచ్చేరి వరకు ఈ కాలువలను, గోదావరి, కృష్ణలలోని భాగములను కలిపి నాలుగవ జాతీయ జలమార్గముగా ప్రకటించినారు. అప్పటి ప్రకటనలో దాని మొత్తము పొడవు 1,078 కిలోమీటర్లు. అందు కొమ్మమూరు కాలువ 113 కిలోమీటర్లు. 2017లో ముక్త్యాల–విజయవాడ నదీభాగమున పనులకు శంకుస్థాపన జరిగినది.

శివారు

మహాశయులారా! పడవలు పోయినందువలన మనకు కలిగిన నిజమైన నష్టమేమి? ప్రయాణమునకు బస్సు ఉన్నది, సరకునకు లారీ ఉన్నది. పాతకాలపు ముచ్చట పోయెనను చింతకై నేను ఇంత చెప్పలేదు. పోయినది చూపు.

పడవ నడచిన దినములలో కాలువ మొత్తము ఒకటిగా కనిపించెడిది. ఎగువ ఊరివారు పూడికను తీయనిచో దిగువకు పోవలసిన పడవ అక్కడనే ఇసుకలో కూర్చుండెడిది. నడుమ ఒకచోట గట్టు తెగినచో మద్రాసు పోవలసిన బియ్యము నిలిచిపోయెడిది. కాబట్టి కాలువ ఎచ్చట చెడినను అందరికిని తెలిసెడిది. ఏటేట వేసవిలో కాలువలు కట్టివేసి బాగు చేయుట పైరు కొరకు ఎంత అవసరమో, పడవ కొరకును అంత అవసరముగా ఉండెడిది. పడవ పోయిన పిమ్మట ప్రతి ఊరికిని తన తూము, తన గట్టు మాత్రమే కాలువ. తన పొలము తడిసిన తరువాత నీరు ఎచ్చటికి పోవునో చూడవలసిన అవసరము లేకపోయినది.

శివారున ఉన్న మనకు దీని అర్థము చెప్పనక్కరలేదు. కాలువ మొదట నున్నవానికి నీరు హక్కు, చివర నున్నవానికి నీరు ఎదురుచూపు. ఎగువన గుర్రపుడెక్క పేరుకొనినచో, ఇంజనుతో ఎవరో అధికముగా తోడుకొనినచో, నారుమడి ఎండునది శివారున. ఎగువ పట్టణముల మురుగు కలిసినచో దానిని చివరకు పుచ్చుకొనునది శివారే. ఎదురుగా చూచినచో ఎవరును పొరుగువానికి ఇంత అపకారము చేయరు. చూడకుండుట వలన చేయుచున్నారు. స్తూపపు రాతిని తూమునకు వాడినవానిది ఇదే దోషము.

మనము కూడ నిర్దోషులము కాము. పూజ ముగిసిన పిమ్మట నిర్మాల్యమును ప్లాస్టిక్ సంచితో సహా కాలువలో విడుచువారము మనమే. కరుగని విగ్రహములను నిమజ్జనము పేర నీటిలో నిలుపువారము మనమే. మన ఊరి దిగువన మరియొక ఊరున్నది. మన శివారునకు మరియొక శివారు ఉన్నది. ఆపైన సముద్రము, దానిని నమ్ముకొనిన మత్స్యకారులు ఉన్నారు.

పొన్నూరు స్వామికి సాక్షి భావనారాయణుడను పేరు ఎట్లు వచ్చెనో మీరెరుగుదురు. కాశీయాత్రలో తనకు సేవ చేసిన మేనల్లునికి కుమార్తెనిచ్చెదనని ఒకడు దైవసన్నిధిని మాట ఇచ్చి, ఇంటికి చేరిన పిమ్మట తప్పెను. అప్పుడు స్వామియే కదలివచ్చి సాక్షిగా నిలిచెనని స్థలపురాణము. ప్రయాణమున ఇచ్చిన మాట ఇల్లు చేరిన తరువాత మరచుట మనుష్య స్వభావము. దానికి సాక్షి కలడని చెప్పుట ఆ కథకు ప్రయోజనము.

ఈ కాలువలును ఒక మాట మీదనే నిలిచియున్నవి. డొక్కల కరువు మరల రాకూడదనునదియే ఆ మాట. ఆ మాట కాలువ మొదటివానికి ఎంత వర్తించునో చివరివానికి అంత వర్తించును.

మరియొక విశేషము చెప్పి ముగించెదను. 2015 నుండి పట్టిసీమ ఎత్తిపోతల పథకము ద్వారా గోదావరి జలము కృష్ణలోనికి తరలి, బారేజి మీదుగా డెల్టా కాలువలకు చేరుచున్నది. ఆ నీరు తోడబడుచున్నది పట్టిసము క్షేత్రము చెంతనే. అనగా పట్టిసము భావనారాయణుని పాదములు తాకిన గోదావరి నేడు బాపట్ల భావనారాయణుని సీమలో వరిపైరును తడుపుచున్నది. పడవలు కలిపిన క్షేత్రములను, పడవలు పోయిన పిమ్మట కూడ నీరు విడువలేదు.

కాబట్టి మీరు ఈసారి పొన్నూరుకో బాపట్లకో దర్శనమునకు పోవునపుడు త్రోవలో కాలువ వంతెన మీద ఒక్క నిమిషము ఆగుడు. ఎగువవైపు చూచి నీరిచ్చినవారిని తలచుకొనుడు. దిగువవైపు తిరిగి ఆ నీరు ఎవరికి చేరవలెనో వారినియు తలచుకొనుడు. చేతిలోని దానిని ఆ నీటిలో వేయుటకు ముందు ఆ రెండవవైపు మరియొకసారి చూడుడు. అట్టి చూపు కలిగిననాడు ప్రతి రేవును తీర్థమే.

సర్వే జనాః సుఖినో భవంతు.